రుక్మిణమ్మకు నల్ల ఉన్ని

మా ముత్తాత ఓబుళరెడ్డి కనగానపల్లి వైపు మూడు ఊళ్లకు పెద్దరెడ్డి. ఆయన మాట పడితే గట్టు తగవు కోర్టు మెట్లెక్కేది కాదు. మా తాత బసిరెడ్డి కాలానికి సేద్యంతో పాటు పెద్ద గొర్రెల మంద ఉండేది. నేను నడక నేర్చింది ఆ మంద మధ్యనే. మా నాయన కాలంలో అన్నీ తరిగాయి. నాకు మిగిలింది ఇంటిపేరూ, నిటారుగా కూర్చునే అలవాటూ. ఆ రెంటితో 1958లో పెనుకొండ వడుకు కేంద్రంలో బోధకుడిగా చేరాను.

బోధకుడంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు రాట్నం నేర్పి, వాళ్లు వడికిన నూలు తూచి, కూలి చెల్లించేవాడు. నా పైన హిందూపురంలో పర్యవేక్షకుడు. నా కింద విల్లుతో దూది ఏకే ఖాసిం సాహెబు. నేర్చుకునేవాళ్లకు రాట్నం మొదట అరువుగా ఇచ్చేవాళ్లం. కొన్నాళ్లకు పర్యవేక్షకుడు వచ్చి తన ఎదుట ఒక చిలప, అంటే ఒక చుట్ట నూలు, వడకమంటాడు. పోగు మాటిమాటికీ తెగకపోతే రాట్నం ఆ మనిషి పేర రాస్తారు. అక్కడినుంచి కూలి ఆమె చేతికే ఇవ్వాలి, ఇంట్లో మగవాళ్లకు ఇవ్వకూడదు. తెగితే రాట్నం ఇంకో ఊరికి పోతుంది.

మాలో ఇంకొక ఆనవాయితీ ఉండేది. కొత్తగా కూర్చున్న మనిషికి వడకడానికి మొదటి కట్ట సరుకు బోధకుడు తన సొంతాన కానుకగా ఇవ్వాలి. దీన్ని చాలామంది మొక్కుబడిగా ఇచ్చేవారు. నేను అలా ఇవ్వలేదు. మొదటి కట్ట మంచిదైతే మనిషి రాట్నం దగ్గర నిలుస్తుంది. చెడ్డదైతే తప్పంతా తన చేతిదే అనుకుని లేచిపోతుంది.

ఆ ఏడు కోట దగ్గరి బ్రాహ్మణ వీధిలో రుక్మిణమ్మ అనే ఆమె పేరిచ్చింది. చిన్న వయసులో భర్త పోయాడు. బావగారింట్లో ఉంటూ మడి కట్టుకుని అందరికీ వండిపెట్టేది. తల్లి ధర్మవరంలో ఉంది. అక్కడికి పోవాలంటే బస్సు చార్జీకి బావగారిని అడగాలి, ఆయన ఈ నెల కాదు వచ్చే నెల అంటాడు. ఇవన్నీ ఆమె నాకు చెప్పుకోలేదు. ఒక్క మాట అడిగింది: “రాట్నం నాకు నిలిచేటట్ల చూడండి రెడ్డిగారూ. మా అమ్మను చూసొచ్చి రెండేండ్లాయ.”

నేను అరుగు మీద, ఆమె గడప లోపల. మధ్యలో రాట్నం. పాఠం అలా సాగేది. మొదటిరోజు కేంద్రం ఏకులే, అంటే ఖాసిం ఏకిన దూది వత్తులే, ఇచ్చాను. మరునాటికి అవి వీధిలో పడి ఉన్నాయి. ఆమె అత్తగారు వెంకమ్మ గుమ్మంలో నిలబడింది.

“ఏమప్పా, సాయిబు ఏకిన దూది మడిలో ముట్టుకోమంటావా? నిన్న రెండుసార్లు తలకు పోసుకునింది. దాని చేత మూడోసారి కూడా పోయించల్లనా?”

ఆ మాట ఖాసింకు చెప్పాను. అతను విల్లు పక్కన పెట్టి నవ్వాడు. “అవ్వ పండుకునే పరుపు ఎవురేకినారో అడుగు రెడ్డీ! మొన్న దసరాకు నేనే కదా ఏకిచ్చింది.”

నాకు ఆ మడి మీద నమ్మకం లేదు. అయితే నన్ను వేసింది వడకడం నేర్పడానికి, వాదించడానికి కాదు. ఆ ఇంటి ఆచారంలో నూలుబట్ట ముట్టుకుంటే మైల, పట్టుకూ ఉన్నికీ మైల లేదు. కాబట్టి ఆమెకివ్వాల్సిన కానుక ఈ రెంటిలో ఒకటి కావాలి.

పర్యవేక్షకుడు పట్టే ఇమ్మన్నాడు. ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలే పట్టు పీచు తేలికగా దొరుకుతుంది. “ఏమప్పా రెడ్డీ, మీ వంశంలో కానుకంటే పట్టే కదా?” అని ఎగతాళి చేశాడు.

“మావాళ్లు పట్టిచ్చింది కట్టుకోను సార్. వడకను కాదు” అన్నాను.

ఇందులో పని సంగతి ఉంది. పట్టు పీచు పొడుగు, జారుడు. అలవాటు లేని వేళ్లలో నిలవదు. పురి ఎక్కేలోగా గుప్పెడు ఊడి వస్తుంది. మా వైపు పత్తి పీచు పొట్టి. లాగే చెయ్యీ తిప్పే చెయ్యీ ఒక్క లయలో లేకపోతే పోగు తెగుతుంది. ఉన్నికి సహజంగా వంపులుంటాయి, పీచు పీచును పట్టుకుంటుంది. రాట్నం నెమ్మదిగా తిరిగినా పురి నిలుస్తుంది. అయితే ముదురు గొర్రె ఉన్ని వెంట్రుకలా బిరుసు, వేళ్లు గీరుకుపోతాయి. గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన ఉన్నే మెత్తన. అందులోనూ భుజాల మీదిది తీసుకోవాలి, పొట్ట కిందిదీ తోక దగ్గరిదీ వదిలేయాలి. కడిగితే చన్నీళ్లతోనే కడగాలి. లోపలి జిడ్డు కొంచెం మిగిలితే పోగు సాగుతుంది.

రంగు కూడా ఆలోచించాను. ఆమె కట్టేది తెల్లచీర, కూర్చునేది చీకటి నడవ. తెల్లచీర మీద తెల్లపోగు కనపడదు. నల్ల ఉన్నే సరి.

అలాంటి ఉన్ని చిలమత్తూరు దగ్గర కురుబ హనుమప్ప మందలో ఉందని నాకు తెలుసు. ఆ మంద ఒకప్పుడు మాది. మా నాయన దగ్గర కొన్నది హనుమప్పే. నేను హిందూపురం మీదుగా బస్సులో పోయి, నేరుగా దొడ్డి దగ్గర నిలబడి అడిగాను. ఆయన నన్ను గుర్తుపట్టి కంబళి పరిచాడు. కావలసిన గొర్రెపిల్లను నేనే ఏరాను. ఉన్ని మూటగట్టాక డబ్బు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీ దగ్గర దుడ్లు తీసుకుంటే మా గొర్రెలు నవ్వుతాయి రెడ్డీ. ఇవి యాడివి? మీ ఇంటివే కదా!”

“మా నాయన మంద అమ్మినప్పుడు బొచ్చు మినహాయించుకోలేదు హనుమప్పా. పట్టు, తీసుకో.”

తీసుకున్నాడు.

పెనుకొండలో ఆ ఉన్నిని ఖాసిమే ఏకాడు. వేరేవాళ్ల చేత ఏకించవచ్చు, కానీ అంత శుభ్రంగా ఏకే చెయ్యి నా కేంద్రంలో ఇంకొకటి లేదు. మూట తీసుకుని పోయాను. వెంకమ్మ అరుగు దగ్గరే ఆపింది.

“ఎవురేకినారప్పా?”

రుక్మిణమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. కురుబలు ఏకారంటే సరిపోయేది. మా ఇంట్లో అబద్ధమాడే అలవాటు లేదు.

“ఖాసిం సాహెబు ఏకినాడమ్మా” అన్నాను.

వెంకమ్మ మూట విప్పి ఉన్నిని వేళ్లతో నలిపి చూసింది. “మెత్తగుండాదే! ఉన్నికేం మైలప్పా? ఈడ పెట్టు.”

ఈ సంగతి విని ఖాసిం చాలాసేపు నవ్వాడు. “అదే విల్లు, అదే చెయ్యి. గొర్రె మాత్రం నాకన్నా మడి గలది” అన్నాడు.

పరీక్ష రోజు పర్యవేక్షకుడు అరుగు మీద కూర్చున్నాడు. నల్లపోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. కానీ తెగలేదు. చిలప నిండేసరికి రుక్మిణమ్మ వెనకనుంచి వెంకమ్మే ముందుగా అంది: “తెగల్యా. చూసినావా అయ్యా?”

రాట్నం ఆమె పేర రాశారు. మొదటి కూలి నేనే ఆమె ఎదుట గడప మీద పెట్టాను. ఆ వారంలోనే ఆమె ఎవరినీ అడగకుండా ధర్మవరం బస్సెక్కింది.

తర్వాత నా దగ్గరికి వచ్చిన కొత్త బోధకులకు ఒకటే చెప్పేవాణ్ణి. వడకడం నేర్చుకునేవాళ్లకు కానుక ఇచ్చేటప్పుడు ఇచ్చేవాడి హోదా చూడకండి, సరుకు ఖరీదు చూడకండి. ఆ చేతిని చూడండి, ఆ ఇంటి గడప చూడండి, ఆ నడవలో వెలుతురు చూడండి. ఏ పీచు ఇవ్వాలో అవే చెబుతాయి.

ఉన్ని ఎంచడం నాకు నేర్పిన మా మందను మా నాయన 1949లో అమ్మాడు. మంద కట్టే చేను మరుసటి ఏడు అమ్మాం.