కొత్త అల్లుణ్ణి పిలిచిన గొంతు

దయ్యాలంటే నాకు ముందు నుంచీ నవ్వే. చేపలు పట్టేవాణ్ణి, గోదావరి మీద ఒంటరిగా ఎన్ని రాత్రులు గడిపానో. నా వల చింపింది నీటికుక్కలే తప్ప ఏ దయ్యమూ కాదు. అయినా ఈ ఒక్క సంగతి నాకు అంతుబట్టదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. ధర్మపురికి దిగువన మా ఊరి పడవలు ఆగేచోట, టేకు గుంజల మీద పలకలు పరిచిన రేవు ఒకటుండేది. మా నాన్న, బాపు అనేవాళ్లం, తన ఈడువాళ్లతో కలిసి కట్టిందే. ఏటేటా వరదలు తగిలి గుంజలు పుచ్చిపోయాయి. అప్పుడే మా చెల్లె లక్ష్మికి అవతలి ఒడ్డున, ఆదిలాబాద్ జిల్లాలో సంబంధం కుదిరింది. రేవు బాగుపడకపోతే పెళ్లి తమ ఊళ్లోనే చేస్తామన్నారు వాళ్లు. బాపు పోయి ఏడాది దాటింది. ఆయన కట్టిన రేవులోనే పెళ్లివారు దిగాలని చెల్లె పట్టు.

పెళ్లి ముందురోజు మధ్యాహ్నానికి పాతాల్సిన కొత్త గుంజ ఒక్కటే మిగిలింది, అన్నిటికంటే పెద్దది.

బరువులెత్తేటప్పుడు ఒకడు ముందు పలకాలి, మిగతావాళ్లు "ఐలేసా" అని ఒక్క ఊపున లాగాలి. బాపు ఉన్నన్నాళ్లూ ఆ పని ఆయనదే. ఎదురుగా ఎవడుంటే వాణ్ణి ఆటపట్టిస్తూ పలికేవాడు, ఆ నవ్వుల్లో బరువు తెలిసేది కాదు. ఆయన తర్వాత నేను. కానీ ముందురాత్రి పందిట్లో పాడి పాడి నా గొంతు పూర్తిగా పోయింది.

అంతలో పెళ్లికొడుకు రాజయ్య మేకులు తెచ్చానంటూ దిగాడు. మేకులు ఎవరడిగారు? చెల్లెను చూడటానికే వచ్చాడని రేవంతటికీ తెలుసు. ఆమేమో ఇంట్లో దాక్కుంది. సిగ్గుతో ఎవరి ముఖమూ చూడలేక అతను నీళ్లలోకి దూకి గుంజ మొదలు పట్టుకున్నాడు.

"పసుపు కడుక్కపోతది, బయటికి రా!" అని మా చిన్నబాపు మొత్తుకున్నా వినలేదు.

నేను చేయి ఊపాను. పిలుపు లేక తలోదిక్కు లాగారు. గుంజ జారి రాజయ్య మీదికి ఒరిగింది.

అప్పుడు వినిపించింది, నవ్వు కలిసిన పిలుపు.

"సిగ్గెందుకురా కొత్త అల్లుడా!"

"ఐలేసా!" అన్నారు మిగతావాళ్లంతా, అనుకోకుండానే. గుంజ నిటారుగా లేచి గుంతలో కూర్చుంది.

రాజయ్య ముఖం తుడుచుకుంటూ నావైపు చూశాడు. "నీ గొంతు మంచిగనే ఉన్నది గదా బావా! గని నన్ను అల్లుడంటవేంది?"

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. అక్కడ అతన్ని అల్లుడని పిలవగలిగింది చిన్నబాపు ఒక్కడే. ఆయన నా పక్కనే తాడు పట్టుకుని ఉన్నాడు, పళ్ల మధ్య బీడీ. అది జారి కింద పడింది.

"గది మా అన్న గొంతురా," అన్నాడు, ఏడుస్తూ, నవ్వుతూ.

రాజయ్య మా బాపును ఎన్నడూ చూడలేదు. పిలుపు మాత్రం తన వెనక, నీటి మీది నుంచి వచ్చిందన్నాడు. అటు చూశాం. పడవ లేదు, మనిషి లేడు.

దుఃఖంలో చెవులు భ్రమపడతాయంటారు. సరే, పడనీ. అందరికీ ఒకే మాట ఎలా వినపడింది? భయం మాత్రం ఎవరికీ కలగలేదు. నాకైతే ఆ రోజంతా చెప్పలేనంత సంతోషం.

మర్నాడు పెళ్లిపడవలు ఆ గుంజకే కట్టారు. చెల్లె మాత్రం పీటల మీద కూడా మూతి ముడుచుకునే ఉంది. ఏమైందే అని సైగ చేశాను. కళ్లు తుడుచుకుని, ఇక నవ్వాపుకోలేక అంది:

"అల్లుణ్ణయితే పిలిచిండు. బిడ్డను పిలువకుంటనే పోయిండు, చూడు!"