మంచు లేని కొండదారి, స్కూటర్‌కు రెండు అదనపు లైట్లు

నా పేరు షేక్ మస్తానమ్మ. వయసు డెబ్బై దాటింది. సొంతూరు నెల్లూరు జిల్లా కావలి. ఇప్పుడు ఉండేది సిడ్నీలో క్వేకర్స్ హిల్, కూతురు నూర్జహాన్, అల్లుడు ఖాజా ఇంట్లో. నాతో పాటు మా ఆయన మహబూబ్ సాహెబ్ ఉన్నాడు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే నూర్జహాన్ కాగితం మీద రాస్తోంది. మనవాళ్ళు తమ ప్రయాణాల సంగతులు పెట్టుకునే ఇంటర్నెట్ పేజీ ఒకటి ఖాజా నడుపుతాడు, అందులో ఇది ఎక్కిస్తాడు. తనకు నచ్చని చోట మాట దిద్దొద్దని కూతురికి ముందే చెప్పాను. బిల్పిన్ కొండ మీద యాపిల్ తోటలు చూడబోయేవాళ్ళకు ఇది పనికొస్తుంది. అయితే నేను నోరు విప్పింది అందుకొక్కదానికే కాదు. కరెంటు పనిచేసే అప్పన్న మా స్కూటర్‌కు బిగించిన బ్యాటరీ దారిలో చచ్చిపోయి ముసలివాళ్ళిద్దరినీ పడేసిందని పక్కనున్న బ్లాక్‌టౌన్‌లో మనవాళ్ళు పదిమందీ అనుకుంటున్నారు. వెనక సీటులో కూర్చున్నది నేను. చెప్పాల్సింది నేనే.

మా ఆయన కావలిలో బట్టల వ్యాపారి. స్కూటర్ వెనక మూటలు కట్టుకుని ఊరూరూ తిరిగినవాడు. ఇక్కడికొచ్చాక చేసేందుకు పనీ, మాట్లాడేందుకు మనిషీ లేక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. వీధి చివర ఉండే మాల్టా దేశపు ముసలాయన తన పాత ఇటలీ స్కూటర్ అమ్మకానికి పెడితే, మూడు రోజులు దాని చుట్టూ తిరిగి కొనేశాడు. గేరు చేతిలోనే ఉండే రకం, అచ్చం కావలిలో నడిపినట్టిదే. ఇక్కడి లైసెన్సు ఆయనకు అప్పటికే ఉంది. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినడం మొదలుపెట్టాడు. అందుకే ఆ బండి జోలికి ఎవరొచ్చినా నేను ఊరుకునేదాన్ని కాదు.

కొన్నాళ్ళకు దాని లైటు చాలడం లేదన్నాడు. బల్బు మార్చినా చాలలేదు. అప్పన్నను పిలిచాడు. అప్పన్న ఫిజీ నుంచి వచ్చిన మన తెలుగువాడు, కార్ల కరెంటు పని చేస్తాడు, శనివారం శనివారం మా గ్యారేజీలో టీ తాగి పోయే మనిషి. ఆ పాత స్కూటర్‌లో లైటుకు కరెంటు ఇంజనే ఇస్తుందని, ఇంజన్ నెమ్మదిస్తే దీపమూ నీరసపడుతుందని, ఇంకో రెండు లైట్లు దానికే తగిలిస్తే మూడూ గుడ్డివైపోతాయని చెప్పాడు. వేరే బ్యాటరీ పెట్టి, లైట్లు దానికే కలిపి, ఇంటికొచ్చాక ఛార్జరుకు తగిలించుకోవాలన్నాడు. బ్యాటరీ ఇంట్లోనే ఉంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి కరెంటు పోతుందని ఖాజా ఆఫీసులో రాత్రింబగళ్ళు పని చేశాడు కదా, ఆ భయంతోనే ఇంటికి కూడా ఒక పెద్ద బ్యాటరీ కొని తెచ్చాడు. ఆ రాత్రి ఏమీ కాలేదు. బ్యాటరీ గ్యారేజీ మూలన పడి ఉంది.

అప్పన్న దాన్ని కాళ్ళ దగ్గర చెక్కపెట్టెలో పెట్టి బెల్టుతో బిగించాడు. మధ్యలో ఫ్యూజు పెట్టాడు. మా ఆయన రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలని, స్విచ్చు తీగ పొడుగు చేసి వెనక్కి, నా చేతికి ఇచ్చాడు.

"ఆంటీ, స్విచ్చు మీ చేతిలో. అంకుల్ చెప్తే వెయ్యండి, చెప్తే తియ్యండి" అన్నాడు.

"మొగుడి మాట వినే అలవాటు ఈమెకు యాడుంది, స్విచ్చు తుప్పు పడద్ది" అన్నాడు మా ఆయన.

ఏప్రిల్ ఆఖర్లో బయలుదేరాం. చెట్టున కాసిన యాపిల్ పండు చూడాలని ఆయన కోరిక. బుట్టలో తప్ప ఇద్దరం ఎన్నడూ చూడలేదు. ఈ దేశంలో బండి మీద ఒకవైపుకు కాళ్ళు వేసి కూర్చోనివ్వరు. నేను చీర కింద ఖాజా ప్యాంటు తొడుక్కుని అటొక కాలు, ఇటొక కాలు వేసి కూర్చున్నాను. నూర్జహాన్ నవ్వాపుకోలేక లోపలికి పోయింది. ఉదయం తొమ్మిదికి ఇల్లు వదిలి రిచ్‌మండ్ రోడ్డు పట్టుకున్నాం. ఆకాశం మూసుకుపోయి ఉంది. వాన రాలేదు, ఎండా రాలేదు. రిచ్‌మండ్‌లో ఆగి ట్యాంకు నింపించి, ఆయిల్ కలిపించుకుని, నాలుగు డాలర్ల చిల్లర ఇచ్చాం. రైలులో రావాలనుకునేవాళ్ళకు క్వేకర్స్ హిల్ నుంచి రిచ్‌మండ్ వరకు రైలుంది. అక్కడి నుంచి కొండెక్కాలంటే సొంత బండి ఉండాల్సిందే. నది మీది వంతెన దాటాక కురజాంగ్ దగ్గర ఎక్కుడు మొదలవుతుంది. చిన్న స్కూటర్ ఇద్దరితో మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. వెనక కార్లు వరసకడతాయి. పక్కకు ఆగి వాళ్ళను పోనివ్వడం మంచిది.

బిల్పిన్ చేరేసరికి పదకొండు దాటింది. కాయలు చాలావరకు కోసేశారు. తోట ఆవిడ మమ్మల్ని చూసి జాలిపడి, కొసన మిగిలిన ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. మా ఆయన చెట్టు ముందు నిలబడి చెయ్యి చాచి కొమ్మ వెంట తడుముతూ పోయాడు. ఎదురుగా ఎర్రగా వేలాడే కాయను వదిలి ఆకుల్లోకి చెయ్యి పెట్టాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయనుకున్నాను. నేనే కాయ కోసి చేతిలో పెట్టాను. ఒక సంచి పళ్ళు కొని, తెచ్చుకున్న రొట్టెలు తిని, మూడు గంటలకు దిగడం మొదలుపెట్టాం.

దారికి రెండువైపులా పెద్ద చెట్లు. వాటి కింద నీడ చిక్కగా ఉంది, అయినా దారి కనబడుతోంది. పక్కన నాటిన తెల్ల గుంజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి.

"మే, మంచు దిగతా ఉంది. లైట్లు వెయ్" అన్నాడు.

మంచు లేదు. అయినా వేశాను. రెండు లైట్లూ తెల్లగా గుంజల మీద పడ్డాయి.

"వేసినావా?"

"వేసినా."

"వేసుంటే వెలగవా? బ్యాటరీ చచ్చింది. అప్పన్న ఏం కట్టినాడో ఏమో."

బండి ఆపమన్నాను. ఆపుతున్నా అన్నాడు. దారి ఎడమకు తిరిగింది, మేం తిరగలేదు. ముందు చక్రం కంకరలోకి పోయి ఒరిగింది. కుడి చెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. ఆయనకు మోకాళ్ళు దోక్కుపోయాయి. సంచి చిరిగి పళ్ళు దొర్లిపోయాయి. పడిన బండి లైట్లు ఆ పళ్ళ మీదే వెలుగుతున్నాయి.

వెనక వస్తున్న కారు ఆగింది. అందులోని మనిషి పరుగున వచ్చి మమ్మల్ని లేపి, బండి వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, మా ఆయనకు వచ్చు. ఏమంటున్నాడని అడిగాను. మా ఆయన ముందు మోకాళ్ళ మీది మట్టి దులుపుకున్నాడు.

"లైట్లు ఆర్పమంటా ఉన్నాడు. బ్యాటరీ అయిపోద్దంట" అన్నాడు చివరికి.

ఎడమ చేత్తో స్విచ్చు వెతికి ఆర్పాను. ఆయన బండి వైపే చూస్తూ అడిగాడు.

"ఆర్పినావా?"

నన్ను ఆసుపత్రిలో చేర్చి తను ఇంటికొచ్చాక, బ్యాటరీ చచ్చిందనే ఖాజాకు చెప్పాడు. నాకు అప్పుడింకా అక్కడ కట్టు కడుతున్నారు. అడ్డుపడేందుకు నేను ఇంట్లో లేను. ఖాజా ఫోన్‌లో అప్పన్నను అనరాని మాటలన్నాడు. మరునాడు బండి ఇంటికి చేరగానే అప్పన్న వచ్చి స్విచ్చు నొక్కి చూపించాడు. లైట్లు వెలిగాయి. తీగ వదులై మళ్ళీ అతుక్కుని ఉంటుందన్నాడు ఖాజా. అప్పన్న మా ఆయన ముఖం చూశాడు. మా ఆయన తల తిప్పుకున్నాడు. ఆ శనివారం అప్పన్న రాలేదు, తర్వాతి శనివారమూ రాలేదు. అతనితో వైరింగ్ చేయించుకోవద్దని మనవాళ్ళలో మాట పాకింది.

మా ఆయన గ్యారేజీలో బండి తుడుస్తూ ఉంటే వెళ్ళి అడిగాను. చూపు ఆనక ఎన్నాళ్ళయిందని. ఏడాది దాటిందన్నాడు. ముందు అంచులు పోయాయట, ఇప్పుడు నడిమధ్యన కూడా పొగ కమ్మిందట.

"చెప్తే తాళం గుంజుకుంటారు మే. నాకింకేం ఉండాది ఈ దేశంలో?"

"అప్పన్నకు మాత్రం ఏం ఉండాదయ్యా, పనితనం తప్ప? నీ తాళానికి వాడి పేరు తాకట్టు పెడతావా?"

గుడ్డ మడిచి సీటు మీద పెట్టాడు. మర్నాడు తనే నూర్జహాన్‌ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. కంటి నరం ఎండిపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్న కాస్తా చుక్కల మందుతో నిలుపుకోవాలని ఆ డాక్టరు చెప్పాడు. తాళం ఆయనే తెచ్చి ఖాజా చేతిలో పెట్టాడు. ఇప్పుడు మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. అన్నం సగమే తింటున్నాడు.

లైటు చాలడం లేదని ఆయన అన్నప్పుడల్లా మేమంతా బండి వైపే చూశాం, మనిషి వైపు ఒక్కరూ చూడలేదు. ఆ కొండదారి అందమైనదే, వెళ్ళండి. పాత స్కూటర్‌కు అదనపు లైట్లు కావాలంటే అప్పన్న చెప్పినట్టు వేరే బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు పెట్టించుకోండి. అతని చేతే పెట్టించుకోండి. అయితే లైట్లు బిగించే ముందు, నడిపే మనిషిని కళ్ళ డాక్టరుకు చూపించండి.

నూర్జహాన్ రాసింది చదివి వినిపించింది. నేను చెప్పినట్టే ఉంది. అప్పన్నను పిలిపించాం, ఖాజా గుమ్మం దాకా ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చాడు. నా కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు ముద్ర వేశాను. అప్పన్న సాక్షి సంతకం పెట్టాక, మా ఆయన తానూ పెడతానన్నాడు. కలం పట్టుకుని, ఎక్కడ పెట్టాలని అడిగాడు. ఆయన వేలు పట్టుకుని, నా ముద్ర పక్కన ఖాళీ చోటు మీద ఆనించాను.

షేక్ మస్తానమ్మ, ఎడమ చేతి వేలిముద్ర

సాక్షులు:
అప్పన్న
షేక్ మహబూబ్ సాహెబ్