మేత ముట్టని మావయ్య

ఆ రోజుల్లో నాకు తెలియని మేత లేదనుకునేవాణ్ణి. భీమడోలులో చేపల మేత కొట్లో చేరి ఆరు నెలలు కాలేదు, అప్పుడే కొల్లేటి చెరువుల రైతులకు సలహాలిచ్చేసేవాణ్ణి (వాళ్లు మర్యాదస్తులు కనుక తలూపి, తమకు తోచిందే చేసుకునేవారు). అందుకే అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య మూడ్రోజుల నుంచీ ఏమీ ముట్టట్లేదురా, ఓసారొచ్చి చూడు నాన్నా" అనగానే బయలుదేరాను. బస్సెక్కాక గుర్తొచ్చింది, మావయ్య పోయి నెల దాటింది.

ఆవిడ అన్నది కప్పని. పదో రోజున చెరువు గట్టు మీద పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు. తీరని కోరికేదో ఉందని బంధువులు ఒకరి తర్వాత ఒకరు మాటిచ్చారు: అత్తయ్యను చూసుకుంటామని, చెరువు అమ్మమని, ఆఖరికి ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోరని. ఊహూ. నేనొక్కణ్ణే నోరు మెదపలేదు. ఎండ నడినెత్తికొచ్చాక నీళ్లలోంచి ఓ ముసలి కప్ప వచ్చి విస్తరి పక్కన కూర్చుంది. ఆయనే వచ్చారంటూ అత్తయ్య దాన్ని కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఎవరు మాత్రం వద్దనగలరు?

నేను వెళ్లేసరికి పట్టపగలే ఇల్లంతా చీకటిగా ఉంది. వసారాలో రేకు తొట్టి, అందులో కప్ప. ఒళ్లు బూడిద రంగుకు తిరిగింది, కళ్ల మీద పాలపొర కమ్మింది. ఎర్రలు వేశాను, మిడతలు వేశాను, బతికున్న రొయ్య పిల్లల్ని కూడా. అవి దాని ముక్కు మీదుగా నడిచిపోయాయి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి ఉండ చేసి పెడితే చీమలు తిన్నాయి. నేను ఏ మూలకు జరిగి కూర్చున్నా, కాసేపటికి అది నా వైపే తిరిగి ఉండేది. తిరుగుతుండగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. గాలి లేదు, అయినా తొట్టిలో నీళ్లు వణుకుతున్నాయి (నేను ఊపుతున్న మోకాలు తొట్టికి తగులుతోందని తర్వాత తెలిసింది).

"ఆయన తినందే నేనెలా తింటాను?" అన్నారు అత్తయ్య, గోడ పట్టుకుని నడుస్తూ. ఆవిడకి షుగరు. కప్ప ఇంకో రోజు పస్తుంటే ఈవిడ దక్కరని భయం వేసింది. "నీ దగ్గర్నుంచే ఏదో మాట రావాలి కాబోలురా, నిన్నే చూస్తున్నారు" అని లోపలికెళ్లారు.

ఆ మాటేదో నాకు తెలుసు. ఏలూరు ఆసుపత్రిలో మావయ్య నా చెయ్యి పట్టుకుని కొరమేను పులుసు అడిగారు. డాక్టరు వద్దన్నారు. "రేపు తెస్తాను మావయ్యా" అన్నాను, తేకూడదనే నిశ్చయించుకుని. మళ్లీ అడిగితే ఏం చెప్పాలోనని భయమేసి మర్నాడు అటు వెళ్లనే లేదు. ఆయన రోజంతా గుమ్మం వైపే చూశారట. ఆ రాత్రే పోయారు.

తొట్టి ముందు వంగి అదంతా చెప్పేశాను. "అబద్ధమాడాను మావయ్యా, తప్పయింది" అంటుంటే ఏడుపొచ్చింది. అప్పుడు కప్ప నోరు తెరిచింది. వీపు మీద పొర చీలింది. మనం చొక్కా విప్పినట్టే, ముందు కాళ్లతో ఆ పొరను తల మీదుగా లాగి, నోట్లో కుక్కుకుని, కనుగుడ్లు లోపలికి నొక్కుకుంటూ మింగేసింది. నేను గోడకు అంటుకుపోయాను. నిగనిగలాడే కొత్త కప్ప నన్నే చూస్తోంది.

"తిన్నారా?" గుమ్మంలో అత్తయ్య. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో.

"తిన్నారండీ" అన్నాను (ఏం తిన్నారో చెప్పలేదు).

"నువ్వు పులుసు తేవని ఆయనకి అప్పుడే తెలుసురా పిచ్చోడా. గుమ్మం వైపు చూసింది నీ కోసం" అని పొయ్యి వెలిగించారు. ఆ పూట ఇద్దరం పచ్చడన్నం తిన్నాం.

ఈ మధ్య ఎక్కడో చదివాను, కప్పలు పొర విడిచే ముందు మేత మానేస్తాయట, విడిచిన పొరను తామే తింటాయట. మేత కొట్టు పండితుడికి అప్పుడు తెలియలేదు. అత్తయ్యకు చెబుదామని ఫోన్ చేశాను కూడా. ఆవిడ "ఏం నాన్నా" అనగానే, "అన్నం తిన్నారా అత్తయ్యా?" అని మాత్రం అడిగి ఊరుకున్నాను.