ఒకే గుడ్డలో కుట్టించిన రెండు అంగీలు

మేం నలుగురం కలిసి దిగిన ఫోటో ఒక్కటి కూడా ఉండేది కాదు. సూరత్‌లో భేస్తాన్ వైపు ఒక గది, వెనక వంటకు కాస్త జాగా, అదే మా ఇల్లు. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. సాంచాలు అంటాం మేం వాటిని. పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్ళు అంటించేది. నేను, చెల్లె కాలేజీ, స్కూలు. పండగపూట కూడా నలుగురం ఒకేసారి మెలకువగా ఉండటం అరుదు.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు బందయ్యాయి. మా బిల్డింగులో సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోయారు. మేం పోలేదు. బాపు పొద్దంతా ఇంట్లో ఉండటం మాకూ కొత్తే, ఆయనకూ కొత్తే. మధ్యాహ్నం పడుకుంటే నిద్రలో కూడా వేళ్ళు కదిలేవి, తెగిన పోగు ముడేస్తున్నట్టు.

పని మళ్ళీ మొదలయ్యాక, ఆ ఏడు దీపావళి సెలవుల్లో ఒకరోజు పాత పేపర్లో చుట్టిన కట్ట చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఈసారి ఊరికి పోలేకపోతిమి. నలుగురం మంచిగ స్టూడియోల ఫోటో దిగి పంపుదాం" అన్నాడు.

కట్టలో రెండు అంగీలు. లేత నీలం మీద సన్న తెల్ల గీతలు. మార్కెట్లో తూకానికి అమ్మే ముక్కల్లో మంచిది ఏరి, ఇద్దరికీ చాలినంత గుడ్డ దొరికిందని మురిసిపోయి, మాకు చెప్పకుండా గల్లీ దర్జీ దగ్గర కుట్టించాడు. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. అమ్మ అప్పటికే తన నెమలికంఠం రంగు చీర తీసి పెట్టుకుంది. చెల్లె ఆకుపచ్చ డ్రెస్సుకు ఇస్త్రీ చేస్తోంది.

నాకు పందొమ్మిదేళ్ళు. కాలేజీ దోస్తులందరూ గుజరాతీ పిల్లలు. ఆ ఫోటో ఎవడైనా చూస్తే అన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేం లేదు.

"గివి ఏసుకుంటే ఇద్దరం బ్యాండుమేళపోళ్ళ లెక్క కనవడ్తం బాపూ. నేను ఏసుకోను" అన్నాను.

చెల్లె నవ్వింది. బాపు కూడా నవ్వబోయి ఆగిపోయాడు.

"పోనీ తియ్. నువ్వు నీకు నచ్చింది ఏసుకో. గీది నేను ఒక్కన్నే ఏసుకుంట" అన్నాడు.

అక్కడితో అయిపోయేది. నేను నల్ల టీషర్టు వేసుకుని వెంట నడిస్తే సరిపోయేది. కానీ ఆయన అట్లా వెంటనే తగ్గడం నాకు ఎందుకో ఇంకా చిరాకు తెప్పించింది. "నాకు పనున్నది, మీరు పోండ్రి" అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాను. పనేం లేదు. పొద్దుగూకేదాకా ఒక దోస్తు ఇంటి మెట్ల మీద కూర్చుని వచ్చాను. వచ్చేసరికి అంగీలు మళ్ళీ అదే పేపర్లో ఉన్నాయి. "ముగ్గురమే దిగితే ఏం బాగుంటది, మల్ల దిగుదాం" అన్నాడట అమ్మతో. తర్వాత సెలవులు అయిపోయాయి.

మరుసటి వేసవిలో బాపుకు జ్వరం వచ్చింది. మూడోరోజుకు నాలుగు మాటలు వరసగా మాట్లాడలేకపోయాడు. ఆసుపత్రిలో చేర్చుకున్నారు గాని మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. అమ్మ ఒక సంచి సర్ది పంపింది: లుంగీ, తువ్వాల, దువ్వెన, వాటిపైన ఆ నీలం అంగి.

"ఇంటికొచ్చేటప్పుడు ఏసుకుంటడు" అంది.

అయిదోరోజు పొద్దున ఫోనొచ్చింది. నేనొక్కన్నే వెళ్ళాను. దూరం నుంచి చూపించారు. నిలువునా చుట్టేసి ఉంది, మొహం కనపడలేదు. సంతకం పెట్టించుకుని సంచి నా చేతికిచ్చారు. అంగి అమ్మ పెట్టిన మడత మీదే ఉంది.

ఇంట్లో అమ్మ ఆ మడత విప్పలేదు. "ఒంటి మీద ఏం బట్టలున్నయిరా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పదిరోజుల దాకా అదే మాట. దహనానికి ఎవరు వచ్చారని గాని, నేను ఏం తిన్నానని గాని అడగలేదు. పోయిన మనిషికి స్నానం చేయించి కొత్త బట్ట కట్టాలి కదా, అది జరగలేదన్నదే ఆమెను తినేసింది. గాజులు, నల్లపూసలు, మట్టెలు తీయించడానికి కూడా ఎవరూ రాలేదు. వాకిట్లో కూర్చుని తనే తీసుకుంది.

వానలు తగ్గాక ఒకరోజు అమ్మే అంది: "కిందింటామె, పోయిన వాళ్ళత్తను పక్కన కూసున్నట్టు ఫోటోల ఎక్కించుకున్నదంట. మనం గూడ మీ బాపును ఎక్కిద్దామా?"

నేను స్టూడియోకు వెళ్ళి అడిగాను. అతను గుజరాతీ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మా దగ్గర బాపుది బ్యాంకు కోసం తీయించిన పాస్‌పోర్టు ఫోటో ఒక్కటే పనికొచ్చేలా ఉంది. దాన్ని వెలుగులో పెట్టి చూసి, హిందీలో చెప్పాడు. "మొహం పెట్టగలను. ఒంటికి మాత్రం ఎవరైనా ఆయన చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చోవాలి. భుజాలు, చేతులు వాళ్ళవే ఉంటాయి, ఏమనుకోకండి."

ఆదివారం ట్రంకు పెట్టె తెరిచాం. చెల్లెకు ఆకుపచ్చ డ్రెస్సు పొట్టయిపోయింది, వేరేది తీసింది. అమ్మ నెమలికంఠం రంగు చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, కట్టుకోదు, పక్కన పెట్టదు.

"బొట్టు పెట్టుకో అమ్మా" అంది చెల్లె. "ఫోటోల బాపు ఉంటడు గదా."

అమ్మ నా వైపు చూసింది. "నువ్వేమంటవురా? నలుగురు ఏమన్న అంటరేమో."

"అంటే అననియ్. పెట్టుకో."

అమ్మ వంట జాగాలోకి వెళ్ళి చీర కట్టుకుని వచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది. "కాళ్ళు వస్తయా ఫోటోల?"

"రావు. మోకాళ్ళ దాకనే."

"అయితే మట్టెలు వద్దు" అంది. చెల్లె పెట్టెలోంచి గాజులు తీసి ఆమె చేతులకు తొడిగింది. బొట్టు మాత్రం అమ్మే పెట్టుకుంది. అద్దం ముందు రెండుసార్లు తుడిచి మళ్ళీ పెట్టింది.

నేను బాపు అంగి విప్పాను. ఒక్కసారి కూడా తొడగని అంగి, కాలరులో దర్జీ సుద్ద గీత ఇంకా ఉంది. తొడుక్కుంటే భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. నేను ఆయనంత అయ్యానని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మ బొత్తాలు పెట్టింది, ఒక్కొక్కటే, కిందనుంచి పైకి. చిన్నపిల్లాడికి పెట్టినట్టు కాదు. అంగి ముందు భాగం అరచేత్తో రెండుసార్లు నిమిరి, "గీ అంగి గిట్లనే ఉండునురా ఆయనకు" అంది.

స్టూడియోలో మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకున్నాం. ఫోటో అతను రెండు కుర్చీలు వేశాడు. ఒకదాంట్లో అమ్మ, ఒకదాంట్లో నేను, అమ్మ వెనక చెల్లె. నేను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను.

"ఆయన గట్ల కూసోడు" అంది అమ్మ. లేచి నా ముందుకొచ్చింది. "ఎడమ కాలు జర ముందుకు వెట్టు. ఇంకొంచెం. బరువంత గీ పక్కకు. చెయ్యి తొడ మీద, మోకాలు మీద గాదు."

ఆమె చెప్పినట్టు జరిగాను. అట్లా కూర్చోగానే నా ఎడమ మోకాలు తేలికైంది. ఏళ్ళతరబడి ఆయన అట్లాగే కూర్చునేవాడు, అన్నం తినేటప్పుడూ, టీ తాగేటప్పుడూ. అది ఆయన పద్ధతి అనుకున్నాను. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి ఆ మోకాలు నొప్పి పెట్టేదని, ఒక్కరోజు కూడా మాతో అనలేదని, ఆ కుర్చీలో నాకు తెలిసింది. కళ్ళు తుడుచుకుంటుంటే ఫోటో అతను, "మీ మొహం రాదు, పర్వాలేదు" అన్నాడు. మంచికే అన్నాడు.

తర్వాత నా బొమ్మ వేరుగా తీసి కలుపుతానంటే, తెర వెనక్కి వెళ్ళి నా అంగి వేసుకున్నాను. అది నాకు ఏడాది కింది కొలత. భుజాల దగ్గర పట్టేసింది, పైబొత్తాం పడలేదు. వచ్చి ఖాళీ కుర్చీ వెనక నిలబడి దాని వీపు మీద చెయ్యి వేశాను. చెల్లె నన్ను చూసి తల తిప్పుకుంది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు అమ్మ బొట్టు తుడుచుకోలేదు. కిందింటామె గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. చూసింది. "తిన్నరా?" అని మాత్రం అడిగింది. అమ్మ "ఇగ వండాలె" అని పైకొచ్చి, మొహం కడుక్కుని పొయ్యి ముట్టించింది.

వారం తర్వాత ఫోటో వచ్చింది. బాపు మొహం కొంచెం పెద్దగా ఉంది, మెడ దగ్గర రంగు కలవలేదు. ఆ ఒళ్ళో ఉన్న చేతులు నావి. అమ్మ మాత్రం బాపును కాదు, తనను చూసుకుంది.

"నేను నవ్విన్నా?" అంది. నిజంగానే పెదాల చివర కొంచెం నవ్వుంది. నన్ను సరిచేసి కూర్చున్నప్పటిదై ఉంటుంది. "మనిషి పోయి ఏడాదన్న కాలే, నవ్వుకుంట దిగిన్నారా నేను?"

"బాపు పక్కనే ఉన్నడు గదా అమ్మా" అంది చెల్లె.

అమ్మ ఫోటోను గుడ్డలో చుట్టి పెట్టెలో అడుగున పెట్టేసింది. నాలుగురోజుల తర్వాత నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అది గోడ మీద ఉంది. మేకు తనే కొట్టుకుంది, రాళ్ళు అంటించే బల్ల ఎదురుగా, కూర్చుంటే కంటికి ఆనేంత ఎత్తులో. కొంచెం పక్కకు ఒరిగి ఉంది. సరిచేయబోతే, "ఉండనియ్‌రా" అంది.