కర్ర చూపిన ఒకటిన్నర డ్రమ్ము

పాశమైలారం కంపెనీలో నన్ను దొంగ అన్నది ఒక కర్రను నమ్మి. స్టోర్‌లో ద్రావకం ట్యాంకు నా చేతిలో ఉండేది. పైన నిటారుగా, అడుగున మాత్రం సగం బంతిలా ఉండే ట్యాంకు. ఎంత మిగిలిందో చూడటానికి సూపర్‌వైజర్ ఒక కర్ర మీద డ్రమ్ముల లెక్కన సమాన దూరంలో గీతలు కొట్టాడు. కర్ర ముంచడం, తడి ఎక్కడిదాకా ఉందో చూడటం, అంతే.

అడుగుదాకా ఎప్పుడూ వాడేవాళ్లం కాదు. కడగడానికని మొదటిసారి మొత్తం ఖాళీ చేశారు. కర్ర ఒకటిన్నర డ్రమ్ము చూపించింది. వచ్చింది ఒక్క డ్రమ్మే.

"సగం డ్రమ్ము ఏడబోయింది చెల్లె?" అన్నాడు సూపర్‌వైజర్, అందరి ముందు. "పదేండ్ల సంది గిదే కర్ర. దొంగతనం చేసిన్నని రాసిచ్చి ఇంటికి పో."

ఒళ్లు మండింది. అతను చాచిన కాగితం తీసుకున్నాను, కానీ వెనక్కి తిప్పి పావు వృత్తం గీశాను. డిగ్రీలో ఇదెందుకు పనికొస్తుందని తిట్టుకుంటూ బట్టీపట్టిన లెక్క. ఆ పావు వృత్తాన్ని కర్ర చుట్టూ ఒక్క తిప్పు తిప్పితే ట్యాంకు అడుగు వస్తుంది. దాన్ని అడ్డంగా రొట్టెల్లా పలచగా కోస్తే, కిందికి పోయేకొద్దీ రొట్టె చిన్నదవుతుంది. కర్ర మాత్రం అన్నీ ఒకటే అనుకుంటుంది. రొట్టెలన్నీ కలపడమే సమాకలనం. కలిపాను. ఒకటిన్నర గీత సరిగ్గా ఆ సగం బంతి అంచు దగ్గరే ఉంది; అక్కడిదాకా కర్ర మూడు పాళ్లు అంటే, నిజంగా ఉండేది రెండు పాళ్లే.

"కడిగినంక డ్రమ్ము నీళ్లు పొయ్యుండ్రి సార్. కర్ర ఒకటిన్నర అనకపోతే సంతకం పెడ్త."

లెక్క తప్పితే, ఇంకే కంపెనీ గేటు దగ్గరికి పోయినా నాకంటే ముందు దొంగ అన్న పేరు పోతుంది.

నీళ్లు పోశారు. తడి సరిగ్గా ఒకటిన్నర దగ్గర ఆగింది.

సూపర్‌వైజర్ కాగితం చింపేశాడు. "సరే తియ్. కొత్త కర్రకు నువ్వే గీతలు కొట్టు. జల్దీ, ట్యాంకు నింపనీకి ట్యాంకర్ గేటు కాడ నిలబడ్డది."

కొత్త కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "దొంగనని అందరి ముందట అన్నరు సార్. తప్పు ఎవరిదో గూడ అందరి ముందటనే చెప్పుండ్రి."

ట్యాంకర్ హారన్ కొట్టింది. పెన్సిల్ కింద పెట్టాను. రెండో హారన్‌కి, "గీతలు నేనే తప్పు కొట్టిన" అని గొణిగాడు.

"వినవడలే సార్."

ఈసారి ప్యాకింగ్ సెక్షన్ దాకా వినపడింది. అప్పుడు పెన్సిల్ తీసుకున్నాను.