రాయి పెట్టని చేను

మా నాయన బోరుకు నీళ్లు చూసేవాడు. రాప్తాడు చుట్టుపక్కల ఎవరు పిలిచినా వెళ్లి, అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. కాయ లేచి నిలబడిన చోట రాయి పెట్టేవాడు. నీళ్లు లేవని తోస్తే మాత్రం ఆ మాట నోటితో అనేవాడు కాదు. అంటే చేను గలవాళ్లకు కీడని ఆయన నమ్మకం. పిల్లల చదువుల గురించి, పశువుల మేత గురించి నాలుగు మాటలు అడిగి, రాయి పెట్టకుండానే వచ్చేసేవాడు. వాళ్లకు అర్థమయ్యేది.

నాకు ఆ కాయ మీద ఏనాడూ నమ్మకం లేదు. ఆయన ముందే అనేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందని తేలాక, అనంతపురం ఆసుపత్రికి నేనే తీసుకెళ్లేదాన్ని. ప్రతి కీమోకు ముందు రక్తం తీసేవాళ్లు. అందులో సీఆర్‌పీ అనేది ఒంటి లోపల వాపు ఎంత రగులుతోందో చెబుతుందట. అల్బుమిన్ ఒంటికి ఆసరాగా ఉండే ప్రోటీను. మొదటిది పెరుగుతూ రెండోది తగ్గుతూ పోతే మంచి సూచన కాదని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. అంచనా మాత్రమే, అలాగే జరిగి తీరాలని లేదన్నాడు. నేను ఆ చివరి మాటే పట్టుకున్నాను.

సీఆర్‌పీ పెరిగిందని ఒకసారి నా నోరు జారితే మా అమ్మ సంబరపడిపోయింది. వాన గానీ, బోరులో నీళ్లు గానీ, వేరుశనగ ధర గానీ, మా వైపు పెరిగిందంటే మంచిదే. రక్తం పెరిగిందని వీధంతా చెప్పుకొచ్చింది. నాకు ఒళ్లు మండింది గానీ, కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఈ వేసవిలో తీసిన స్కానులో గడ్డ పెద్దగా పెరగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరు మాత్రం స్కాను పక్కన పెట్టి రక్తం రిపోర్టే చాలాసేపు చూశాడు. సీఆర్‌పీ మళ్లీ పెరిగింది, అల్బుమిన్ బాగా పడిపోయింది. ఆకలేస్తోందా, నిద్ర పడుతోందా, ఊరికి బస్సు ఎన్నింటికి అని నాయనను అడిగాడు. ఎప్పుడూ రాసిచ్చే కీమో తేదీ ఈసారి రాయలేదు. కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నాడు.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి, స్కాను బాగుందని నాయనకు చెప్పాను. ఆయన తన అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"ఆయప్ప రాయి పెట్టల్యామ్మా," అన్నాడు డాక్టరు గది వైపు చూసి.

నాకు భయమేసింది. స్కాను మాటే మళ్లీ ఎత్తబోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పిల్లోళ్లు బాగా చదువుతాండారా? ఎనుములకు మేత ఉండాదా?"

ఉంది నాయనా అన్నాను.