మూడు విడతల మాస్టారు

మాస్టారికి ఏదీ ఒక్కసారిగా చెయ్యడం చేతకాదు. అన్నీ మూడు విడతలే. టీ మూడు విడతల్లో తాగుతారు, మెట్లు మూడు విడతల్లో ఎక్కుతారు, తుమ్ములు కూడా మూడే. మొదటి తుమ్ముకే రుమాలు అందించిన పాపానికి ఎవరైనా సరే, మిగతా రెండూ అయ్యేదాకా చెయ్యి చాచుకుని నిలబడాల్సిందే.

ఈ జబ్బు ఆయనకి ప్రయోగశాలలో అంటుకుంది. వంటనూనెని డీజిలుగా మార్చడం ఆయన పని. మార్చేది ఎంజైము. నూనెలో మిథనాల్ అనే ఆల్కహాల్ కలపాలి, కానీ అంతా ఒకేసారి పోస్తే ఎంజైము చచ్చూరుకుంటుంది. అందుకే మూడు విడతల్లో పోస్తారు. దాన్ని కాపాడ్డానికి నీళ్ళలా పారే ఒక ఉప్పులో పడుకోబెడతారు. ఆ ఉప్పుని మాస్టారు ‘పరుపు’ అంటారు.

“ఎంజైము కొత్త కోడలమ్మా! వచ్చిన రోజే చాకిరంతా నెత్తినేస్తామా?”

కొత్తగా చేరిన తొందరమ్మకి ఇదంతా చాదస్తం. ఆ పేరు పెట్టింది మాస్టారే, అదీ మూడు రోజులు ఆలోచించి. సోమవారం పరీక్షకులొస్తారు. వాళ్ళముందు డీజిలు తేలకపోతే ఆమె పరిశోధన అటకెక్కినట్టే. కొత్త ఎంజైము తెప్పించాలంటే మూణ్ణెల్లు.

శుక్రవారం మాస్టారు టీకి వెళ్ళారు. మూడు విడతల టీ అంటే ముప్పావుగంట. ఈలోగా తొందరమ్మ మిథనాలంతా గుమ్మరించేసింది. సాయంత్రం పరీక్షించి చూస్తే నూనె నూనెలాగే ఉంది.

“మాస్టారూ, చంపేశానండీ!”

“ఎవర్నమ్మా?”

“ఎంజైముని! మీరిచ్చిందంతా!”

మాస్టారు చేతిలోని సాయంత్రం టీ బల్లమీద పెట్టి, కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు.

“మొదటి విడత. నువ్వు చేసింది ఘోరం.”

మాస్టారు టీ ఒక గుక్క తాగారు.

“రెండో విడత. చేరిన కొత్తలో నేనూ ఇదే ఘోరం చేశా. మా గురువుగారు మాత్రం ఒకే విడతలో తిట్టారు.”

“మూడోది చెప్పండి బాబూ, ప్రాణం పోయేలా ఉంది!”

“ఉండు తల్లీ, టీ చల్లారిపోతుంది.”

తాగడం అయ్యాక ఫ్రిజ్ తలుపు తీశారు. లోపల రెండు ఎంజైము సీసాలు. ఒకదానిమీద ‘రెండో విడత’, ఇంకోదానిమీద ‘మూడో విడత’.

“కొత్తవాళ్ళకి మూడోవంతే ఇస్తా. తప్పుక్కూడా కాస్త చోటుండాలి కదే!”

తొందరమ్మ అక్కడే స్టూలు మీద కూలబడి, ఏడవబోయి నవ్వేసింది.

ఈసారి తొందరమ్మ మిథనాల్‌ని మూడు విడతల్లో పోసింది. సోమవారం, పరుపుమీద బంగారంలా డీజిలు తేలింది. మూడో సీసా ముట్టుకోవాల్సిన పనే రాలేదు. అది ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. దానిమీద ఇప్పుడు కొత్త కాగితం, తొందరమ్మ చేతిరాత: ‘నా తర్వాత రాబోయే తొందరోళ్ళకి.’